యుద్ధకాలంలో పుట్టిన అల్బేనియా అధ్యయన సంస్థ: తరచుగా అడిగే ప్రశ్నలు

అల్బేనియా పేరెత్తితే మన దగ్గర ఎక్కువమందికి గుర్తొచ్చేది మదర్ థెరిసా. 1910లో స్కోప్యేలో ఒక అల్బేనియన్ కుటుంబంలో ఆమె పుట్టారు. అంతకుమించి ఆ జాతి గురించి, ఆ భాష గురించి తెలుగులో చదువుకోవడానికి దొరికేది చాలా తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, పరాయి సైన్యం ఊళ్లో ఉండగానే, అల్బేనియా రాజధాని తిరానాలో అల్బేనియన్ భాషా సంస్కృతుల కోసం ఒక పరిశోధన సంస్థ వెలసింది. దాని ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్నలూ, వాటికి నాకు తెలిసిన జవాబులూ ఇవి.

ముందుగా, ఈ సంస్థ ఏమిటో రెండు ముక్కల్లో చెప్పగలరా?

దీని పేరు అల్బేనియా అధ్యయన సంస్థ. 1940లో తిరానాలో ఏర్పడింది. భాష, సాహిత్యం, చరిత్ర, జానపదం, పల్లెల్లో తరతరాలుగా నడుస్తున్న కట్టుబాట్లు, వీటన్నిటి మీదా పనిచేసే పండితులను ఒకచోట చేర్చడం దీని ఉద్దేశం. అల్బేనియన్లతోపాటు ఇటలీ పండితులు కూడా ఇందులో పాలుపంచుకున్నారు. విద్యామంత్రిగా ఉన్న రచయిత ఎర్నెస్ట్ కొలిచి దీనికి ప్రాణం పోశారు. 1942లో ఆయనే దీని అధ్యక్షుడు. ఈనాటి అల్బేనియా సైన్సెస్ అకాడమీకి ఇదే తొలి రూపం అనేవాళ్లు ఉన్నారు. నిండా అయిదేళ్లు కూడా నడవలేదు.

అప్పటికి దేశం పరిస్థితి ఎలా ఉండేది?

1939 ఏప్రిల్ 7న, గుడ్ ఫ్రైడే రోజున, ఇటలీ నియంత ముస్సోలినీ సేనలు అల్బేనియా ఓడరేవుల్లో దిగాయి. రాజు జోగు భార్యనూ, రోజుల బిడ్డనూ తీసుకుని గ్రీసుకు వెళ్లిపోయాడు. కొద్ది రోజుల్లోనే అల్బేనియా కిరీటం ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ తలకెక్కింది. రోమ్ తరఫున ఫ్రాంచెస్కో యాకొమోని రాజప్రతినిధి అయ్యాడు. పేరుకు తిరానాలో అల్బేనియన్ల మంత్రివర్గం ఉంది, ప్రధానిగా షెఫ్కెత్ వెర్లాత్సి ఉన్నాడు. పగ్గాలు మాత్రం రోమ్‌లోనే.

జెండా చూస్తే సంగతి అర్థమవుతుంది. ఎర్రటి గుడ్డ మీద రెండు తలల నల్ల గద్ద అల్బేనియన్లకు ప్రాణం. ఆ గద్దకు చెరోపక్కనా ఫాసిస్టుల చిహ్నమైన గొడ్డలి కట్టెలమోపును నిలబెట్టారు, నెత్తిన ఇటలీ రాజవంశపు కిరీటం పెట్టారు. ఆ ఏడాది నవంబర్ 28న, స్వాతంత్ర్య దినాన, విద్యార్థులు నిరసనగా వీధుల్లోకి వచ్చారు. మనం మాట్లాడుకుంటున్న సంస్థ ఆ జెండా నీడలోనే పుట్టింది. దాని గురించి మంచి చెప్పినా చెడు చెప్పినా ఈ సంగతి మరిచిపోకూడదు.

ఇంకొక విషయం కూడా తెలిసి ఉండాలి. అప్పటి అల్బేనియా జనాభా దాదాపు 10 లక్షలు. వాళ్లలో 80 శాతానికి పైగా చదవడం రాయడం రానివాళ్లే. దేశం మొత్తానికి ఒక్క విశ్వవిద్యాలయం లేదు. పై చదువులంటే వియన్నాకో, గ్రాజ్‌కో, పాదువాకో, పారిస్‌కో పోవాల్సిందే.

దేశాన్ని ఆక్రమించినవాళ్లకు ఆ దేశపు భాషను పోషించాల్సిన అవసరం ఏమొచ్చింది?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడగాల్సిన ప్రశ్న కూడా.

మొదటి కారణం పక్కా రాజకీయం. తాము అల్బేనియాను మింగలేదనీ, రెండు రాజ్యాలు ఒకే రాజు కింద కలిశాయనీ ఇటలీ లోకానికి చెప్పుకుంటోంది. అలా చెప్పుకోవాలంటే ఆ రెండో రాజ్యానికంటూ ఒక చరిత్ర, ఒక సాహిత్యం, ఒక పండిత మండలి కనిపించాలి కదా. పైగా ఉత్తరాన యుగోస్లావియాతో, దక్షిణాన గ్రీసుతో సరిహద్దు తగాదాలున్నాయి. ఫలానా లోయలో అల్బేనియన్లు ఎప్పటినుంచి ఉంటున్నారు, ఫలానా ఊరి పేరు ఏ భాషది అనేవి అప్పట్లో పండితుల ముచ్చట్లు మాత్రమే కావు, దౌత్యవేత్తల చేతిలో ఆయుధాలు కూడా.

రెండోది, పాత పోటీ. అల్బేనియన్ భాషను శాస్త్రీయంగా చదివిన మొదటి తరం విదేశీ పండితుల్లో వియన్నా, గ్రాజ్‌లవాళ్లు ఎక్కువ. మధ్యయుగపు అల్బేనియాకు సంబంధించిన పత్రాలను రెండు పెద్ద సంపుటాలుగా, 1913లోనూ 1918లోనూ వేసింది కూడా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యపు పండితులే. ఈ రంగంలో తన ముద్ర ఉండాలని రోమ్ పట్టుబట్టింది. రాయల్ అకాడమీ ఆఫ్ ఇటలీలో అల్బేనియా కోసం విడిగా ఒక కేంద్రం పెట్టారు. 1940 నుంచి ఒక పత్రికను కూడా నడిపారు.

మూడోది మనుషులకు సంబంధించినది. చదువుకున్న అల్బేనియన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. వాళ్లకు ఒక గది, జీతం, అచ్చుయంత్రం, గౌరవం ఇస్తే ఎదురు తిరిగేవాళ్లు తగ్గుతారని పాలకుల అంచనా. అది పూర్తిగా తప్పలేదు, పూర్తిగా ఫలించనూ లేదు.

అయితే ఒక్కటి గమనించాలి. డబ్బిచ్చినవాడి ఉద్దేశం వేరు, పనిచేసినవాడి ఉద్దేశం వేరు. తమ భాషకు నిఘంటువులు, పాఠ్యపుస్తకాలు, పాటల సంకలనాలు కావాలని ఇరవై ముప్పై ఏళ్లుగా తపించినవాళ్లకు మొట్టమొదటిసారి చేతికి వనరులు అందాయి. వాళ్లు ఆ వనరులను వాడుకున్నారు. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచినవాళ్ల రాతలే ఇప్పటిదాకా ఎక్కువ.

ఎర్నెస్ట్ కొలిచి ఎవరు?

1903లో ష్కోడర్‌లో పుట్టారు. ఉత్తర అల్బేనియాలో కాథలిక్కుల ఊరది, పుస్తకాల ఊరు కూడా. చిన్నతనంలోనే ఇటలీలోని బ్రెషియాకు పంపి జెసూట్లనే కాథలిక్ సన్యాసుల బడిలో చదివించారు. తిరిగొచ్చాక రాజకీయాల సుడిలో పడి, 1924 చివర్లో జోగు పట్టు బిగించాక, యుగోస్లావియాలో కొన్నేళ్లు ప్రవాసం గడిపారు. అక్కడ తనలాగే దేశం విడిచొచ్చిన కొండప్రాంతపు పెద్దలతో కలిసి బతికారు. పగలు, ప్రతీకారాలు, ఇచ్చిన మాట, అతిథి మర్యాద, ఇవన్నీ వాళ్ల నోటి నుంచే విన్నారు. 1929లో వచ్చిన తొలి కథల సంపుటిలో కనిపించేది ఆ లోకమే. 1935లో రెండోది వచ్చింది. ఆధునిక అల్బేనియన్ కథానిక ఈ రెండు పుస్తకాలతోనే నిలదొక్కుకుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

తర్వాత పాదువా విశ్వవిద్యాలయంలో భాషావేత్త కార్లో తాలియావిని దగ్గర పనిచేస్తూ, అల్బేనియన్ వీరగాథల మీద పరిశోధన చేసి 1937లో పట్టా పుచ్చుకున్నారు. 1939లో విద్యామంత్రి పదవి వచ్చింది. 1941 దాకా ఆ పదవిలో ఉన్నారు. 1943లో అల్బేనియా ఫాసిస్టు మహామండలికి అధ్యక్షుడు కూడా అయ్యారు. ఈ చివరి వాక్యాన్ని ఆయన అభిమానులు వేగంగా దాటేస్తారు. దాటేయకూడదు.

ఇంకా ఎవరెవరు ఉన్నారు?

ఒకే అచ్చులో పోసిన మనుషులు కారు. అందరిలోకి పెద్దపేరు జెర్జ్ ఫిష్టా అనే సన్యాసిది, ఫ్రాన్సిస్కన్ అనే కాథలిక్ సంఘానికి చెందినవాడు. కొండల వీణ పేరుతో ఆయన రాసిన వీరకావ్యం 1937కి పూర్తయింది. 1939లో ఇటలీ అకాడమీ ఆయన్ను సభ్యుడిగా తీసుకుంది. 1940 డిసెంబర్ 30న చనిపోయారు కాబట్టి సంస్థ తొలి అడుగులు మాత్రమే చూశారు.

ఎల్బాసన్‌కు చెందిన అలెక్సాండర్ జువానీ పాతతరం ఉపాధ్యాయుడు, పదాలు ఏరి కూర్చడంలో దిట్ట. ఎక్రెమ్ చాబెయ్ అప్పటికి ముప్పై దాటిన కుర్రవాడు, వియన్నాలో చదివొచ్చిన భాషావేత్త. కార్ల్ గురాకుచి జానపద గీతాల సంపాదకుడు. పాదువాలో పుట్టిన జెసూట్ జూసెప్పె వలెంతీని 1922లోనే అల్బేనియా వచ్చి, అక్కడివాళ్లలో ఒకడై, ష్కోడర్‌లో ఒక పత్రిక నడిపినవాడు. 1941 చివరి నుంచి 1943 మొదటిదాకా ప్రధానిగా ఉన్న ముస్తఫా క్రుయా కూడా నిఘంటువుల పిచ్చి ఉన్న మనిషే. 1912 స్వాతంత్ర్య ప్రకటన మీద ఆయన సంతకం ఉంది. అదే చెయ్యి ముప్పై ఏళ్ల తర్వాత ఇటలీ కింద ప్రభుత్వం నడిపింది.

ఒక యూదు పండితుణ్ణి కాపాడడానికి ప్రయత్నించారంటారు, నిజమేనా?

నిజమే. ఆయన పేరు నోర్బెర్ట్ యోకల్. ఈ సంస్థ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించేది ఈ అధ్యాయమే.

1877లో, ఇప్పటి చెక్ దేశంలో ఉన్న మొరావియాలో పుట్టాడు. చదివింది న్యాయశాస్త్రం, దొరికిన ఉద్యోగం వియన్నా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో. ముప్పై ఏళ్ల వయసులో అల్బేనియన్ పట్టుకుని, చివరికి ఆ భాషా చరిత్రలో అప్పటికి ఆయన్ను మించినవాడు లేడనిపించుకున్నాడు. అల్బేనియన్ భాష ఇండో-యూరోపియన్ కుటుంబంలో విడిగా నిలబడ్డ శాఖ. మన సంస్కృతం, గ్రీకు, లాటిన్ కూడా ఆ కుటుంబంలోవే. ఆ శాఖలో ఏ మాట సొంతది, ఏది లాటిన్ నుంచి వచ్చింది, ఏది స్లావిక్ నుంచి వచ్చింది అని ఒక్కొక్క మాటనూ తిరగేసి చూడడమే ఆయన జీవితం. 1937లో అల్బేనియా స్వాతంత్ర్య రజతోత్సవాలకు ఆహ్వానం అందుకుని వెళ్లాడు. తాను జీవితమంతా చదివిన భాషను దాని సొంత వీధుల్లో విన్నాడు.

మరుసటి ఏడాది హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. యూదుడైనందుకు యోకల్ ఉద్యోగం ఊడింది, గ్రంథాలయం తలుపులు మూసుకుపోయాయి. అరవై దాటిన ఒంటరి మనిషి. ఇంట్లోని పుస్తకాలు, రాసిపెట్టుకున్న కాగితాలే ఆయన ఆస్తి. కొలిచి, ఫిష్టా, ఇటలీ నుంచి తాలియావిని ఆయన్ను వియన్నా నుంచి బయటికి తేవాలని చూశారు. అల్బేనియాలో ఆయన కోసం ఉద్యోగం చూపించే ప్రయత్నం చేశారు. నాజీ అధికారులు వదల్లేదు. 1942 మార్చిలో ఆయన్ను అరెస్టు చేశారు. అదే ఏడాది మే నెలలో ప్రాణం పోయిందని భావిస్తున్నారు. ఎలా పోయిందన్నదాని మీద కథనాలు ఒక్కటిగా లేవు. ఆయన పుస్తకాలు, కాగితాలు మాత్రం భద్రంగా ప్రభుత్వ గ్రంథాలయానికి చేరాయి. మనిషి అక్కర్లేదు, ఆయన కూడబెట్టిన చదువు కావాలి. నాజీల పాండిత్యం ఎలాంటిదో ఈ ఒక్క సంగతే చెబుతుంది.

అల్బేనియా లోపల ఉన్న యూదులు దాదాపు అందరూ ఆ యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. ముస్లిం ఇళ్లలో, క్రైస్తవ ఇళ్లలో ఊళ్లకు ఊళ్లే వాళ్లను దాచిపెట్టాయి. యోకల్ ఆ గడప దాకా రాగలిగితే బతికేవాడేమోనన్న బాధ అందుకే.

సంస్థ వల్ల జరిగిన పని ఏమిటి?

సంస్థ సొంత ప్రచురణలు తక్కువే. అధ్యయనాలు, పాఠాలు అనే శీర్షికతో ఒక వరుస మొదలుపెట్టారు. అందులో న్యాయ విభాగపు మొదటి సంపుటి 1943లో వచ్చింది. యుద్ధం ముదిరిపోయింది కాబట్టి వరుస సాగలేదు. కానీ దాని చుట్టూ, దాని మనుషుల చేతుల మీదుగా జరిగిన పని అంతకన్నా పెద్దది.

1940లో కొలిచి ఒక సాహిత్య పత్రిక ప్రారంభించారు. 1941లో అల్బేనియన్ రచయితల సంకలనం రెండు సంపుటాలుగా విద్యాశాఖ నుంచి వచ్చింది. నమిక్ రెసూలి దాని సంపాదకుడు. 16వ శతాబ్దపు తొలి పుస్తకం నుంచి తమ కాలం దాకా ఉన్న రచనలన్నిటినీ ఒకచోట పేర్చి, ఇదిగో మన సాహిత్యం అని బడిపిల్లల చేతికివ్వడం అప్పట్లో చిన్న సంగతి కాదు.

పాటల సేకరణ అంతకుముందే మొదలైంది. జాతి నిధులు అనే పేరుతో 1937 నుంచి 1944 దాకా జానపద సంపుటాలు వరుసగా వచ్చాయి. వాటిలో రెండోది చూడండి. బెర్నార్డిన్ పలాయ్, దొనాత్ కుర్తి అనే ఇద్దరు ఫ్రాన్సిస్కన్లు ఉత్తరాది కొండల్లో తిరిగి కూర్చిన వీరగాథలవి. ఆ పాటలు పాడేది లహుతా అనే వాద్యం మీద. దానికి ఒకే తీగ, అదీ గుర్రపు వెంట్రుకలతో పేనింది. చెక్క బుర్రకు మేకతోలు బిగిస్తారు, మెడ చివర మేక తలో గద్ద తలో చెక్కుతారు. చలికాలం రాత్రి పొయ్యి చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుంటే, మన ఒగ్గు కథకుల్లాగే గాయకుడు ఒకే కథను గంటల తరబడి లాగుతాడు. ముయీ, హలీల్ అనే అన్నదమ్ముల సాహసాలే ఎక్కువ. మైక్రోఫోన్లు, రికార్డింగులు ఆ కొండలకు ఇంకా రాని రోజుల్లో ఈ సన్యాసులు చెవితో విని చేత్తో రాసుకున్నారు. అదే 1937లో అమెరికా నుంచి మౌఖిక వీరగాథల పరిశోధకుడు ఆల్బర్ట్ లార్డ్ కూడా ఉత్తర అల్బేనియా కొండల్లో తిరిగి ఈ పాటలు సేకరించాడు. అంటే ఆ సంపద విలువ బయటివాళ్లకూ తెలుసు.

ఇక కట్టుబాట్ల సంగతి. లెక్ దుకాజిన్ అనే పాతకాలపు ప్రభువు పేరుమీద నడిచే కొండప్రాంతపు న్యాయాన్ని ష్టెఫెన్ జెచోవి అనే మరో ఫ్రాన్సిస్కన్ ఊరూరా తిరిగి రాసిపెట్టాడు. 1929లో ఆయన్ను, అప్పుడు యుగోస్లావియా ఏలుబడిలో ఉన్న కొసావోలో కాల్చి చంపారు. పుస్తకం 1933లో ష్కోడర్‌లో వెలువడింది. అందులో 1263 అంశాలున్నాయి. పొలం గట్టు ఎలా వేయాలి, పెళ్లికి ఎవరు ముందు నడవాలి, అతిథిని ఎంతదూరం సాగనంపాలి, హత్యకు బదులు ఎప్పుడు తీర్చుకోవచ్చు, ఎప్పుడు తీర్చుకోకూడదు, అన్నీ ఉన్నాయి. 1941లో ఇటలీ అకాడమీ దాని ఇటాలియన్ అనువాదం వేసింది. పండితులకు అది నిధి. కొండవాళ్లను పాలించాలనుకున్న అధికారికి అది చేతిపుస్తకం. ఆ అనువాదం ఎందుకు అంత తొందరగా జరిగిందో ఊహించుకోవచ్చు. అయినా ఆ అనువాదం వల్లే యూరప్‌లో ఎంతోమందికి ఆ గ్రంథం అందిందన్నదీ కాదనలేం.

యుద్ధం మధ్యలో ఇలాంటి ప్రయత్నం అంతకుముందు జరిగిందా?

జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉత్తర అల్బేనియాను ఆస్ట్రియా-హంగరీ పట్టుకుంది. 1916లో ష్కోడర్‌లో ఒక సాహిత్య సంఘం ఏర్పడింది. ఫిష్టా, జువానీ, లూయిజ్ గురాకుచి, ఆస్ట్రియా పండితుడు మాక్సిమిలియన్ లాంబెర్ట్స్ అందులో కూర్చున్నారు. రాతకు ఒక పద్ధతి ఉండాలని, ఉత్తర దక్షిణ మాండలికాలకు మధ్యస్థంగా ఉన్న ఎల్బాసన్ భాషను ప్రామాణికంగా తీసుకోవాలని తేల్చారు. 1940లోని పెద్దల్లో కొందరు ఆ సంఘంలో కూర్చున్నవాళ్లే. ఆక్రమణదారుడి కింద కూర్చుని కూడా మన భాషకు పని చేయించుకోవచ్చన్న నమ్మకం వాళ్లకు ఆ అనుభవం నుంచే వచ్చిందని నా అభిప్రాయం. ఆస్ట్రియా వెళ్లిపోయింది, వాళ్లు ఎంచుకున్న భాషారూపం మాత్రం ఆ తర్వాత సొంత రాజ్యంలోనూ నిలిచింది.

కొసావోకూ ఈ సంస్థకూ సంబంధం ఏమిటి?

1941 ఏప్రిల్‌లో యుగోస్లావియా కూలిపోయాక కొసావోలో ఎక్కువ భాగాన్నీ, పశ్చిమ మాసిడోనియానూ అల్బేనియాలో కలిపారు. యుగోస్లావియా ఏలుబడిలో రెండు దశాబ్దాలు అక్కడి అల్బేనియన్ పిల్లలకు సొంత భాషలో బడి లేదు. మంత్రిగా కొలిచి సుమారు 200 మంది ఉపాధ్యాయులను అక్కడికి పంపారు. కొసావోలో ఆ ఉపాధ్యాయులను ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. అదే కాలంలో అక్కడి నుంచి వేలమంది సెర్బులు, మాంటెనీగ్రోవాళ్లు తరిమివేతకు గురయ్యారు. కొందరు హత్యకు గురయ్యారు. బడి గంట మోగిన ఊళ్లోనే పక్కింటి తలుపు పగిలింది. ఒకటి చెప్పి ఒకటి మానేస్తే అది చరిత్ర కాదు.

అయితే వీళ్లను ద్రోహులనాలా?

కమ్యూనిస్టు ప్రభుత్వం 45 ఏళ్లపాటు అలాగే అంది. 1991 తర్వాత కొందరు వాళ్లను మచ్చలేని మహానుభావులుగా చూపించడం మొదలుపెట్టారు. ఈ రెంటితోనూ నాకు పేచీ ఉంది.

కొలిచి మంత్రి పదవి తీసుకోవడం తప్పని నేననుకుంటాను. ఫాసిస్టు మండలి అధ్యక్ష పదవి తీసుకోవడం మరింత తప్పు. 1943 నాటికి ముస్సోలినీ ఏమిటో తెలియనివాడు యూరప్‌లో లేడు. 1942 మే 5న తిరానాలో ఇటాలియన్ల తూటాలకు ఒరిగిపోయిన విద్యార్థి నాయకుడు కెమల్ స్తాఫాకు అప్పటికి 22 ఏళ్లు. ఆ నెత్తుటి పక్కన పదవుల మాట చిన్నబోతుంది. అదే సమయంలో, పాటలు ఏరుకున్న సన్యాసినీ, పదాలు కూర్చిన పంతులునీ, తుపాకీ పట్టిన బ్లాక్‌షర్టునీ, అంటే ఫాసిస్టు దళ సభ్యుణ్ణీ, ఒకే గాటన కట్టేయడం అన్యాయం.

ఇంకో దారి కూడా ఉండేది. మిథత్ ఫ్రాషెరి తిరానాలో పుస్తకాల దుకాణం నడిపిన పండితుడు. దాదాపు 20 వేల పుస్తకాలు కూడబెట్టాడు. వాటితో ఒక అల్బేనియా అధ్యయన సంస్థ పెట్టాలన్నది ఆయన కల. అంటే కొలిచి ఆక్రమణదారుల డబ్బుతో చేసిన పనినే ఈయన సొంత పుస్తకాలతో చేయాలనుకున్నాడు. ఇటలీ కొలువులో చేరలేదు. 1942లో బల్లి కొంబతార్ అనే జాతీయవాద ఉద్యమానికి నాయకుడయ్యాడు. ఆ ఉద్యమంలో కొన్ని దళాలు తర్వాత జర్మన్లతో చేతులు కలిపాయన్న మచ్చ ఆయన్నూ వదల్లేదు. 1949లో న్యూయార్క్‌లో చనిపోయాడు. పుస్తకాలన్నీ కమ్యూనిస్టు ప్రభుత్వం లాక్కుంది. ఆ కాలంలో చేతికి మసి అంటకుండా బయటపడినవాళ్లు చాలా కొద్దిమంది.

జర్మన్లు వచ్చాక ఏమైంది?

1943 సెప్టెంబర్ 8న ఇటలీ లొంగిపోయినట్టు ప్రకటన వెలువడింది. జర్మన్ సేనలు వెంటనే దిగాయి. తిరానాలో కొత్తగా ఒక పాలక మండలి ఏర్పడింది, జెండా మీద కట్టెలమోపులు పోయాయి. పండితులు చెల్లాచెదురయ్యారు. చాబెయ్ అప్పటికే రోమ్‌లో ఉన్నారు. అచ్చు పని దాదాపు ఆగిపోయింది. 1944 నవంబర్ 17న కమ్యూనిస్టుల నాయకత్వంలోని పార్టిజాన్ గెరిల్లాలు తిరానాను విడిపించారు. సంస్థ కథ అక్కడితో సరి.

ఆ మనుషులకు తర్వాత ఏం జరిగింది?

ఫ్రాన్సిస్కన్ పండితుడు అంతోన్ హరపీ, ఎల్బాసన్‌కు చెందిన పత్రాల సేకర్త లెఫ్ నోసి ఇద్దరూ జర్మన్ల కాలపు పాలక మండలిలో ఉన్నారు. 1946 ఫిబ్రవరిలో ఇద్దరినీ కాల్చి చంపారు. నోసి కూడా 1912 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడే.

పలాయ్‌ను అరెస్టు చేశారు, జైల్లోనే ప్రాణం పోయింది. కుర్తి ఏళ్ల తరబడి జైల్లో మగ్గారు. వాళ్లు కొండలెక్కి తెచ్చిన పాటలను మాత్రం తర్వాతి పండితులు వాడుకున్నారు. క్రుయా దేశం విడిచిపోయి 1958లో అమెరికాలో కన్నుమూశారు. వలెంతీని పాలెర్మో విశ్వవిద్యాలయంలో అల్బేనియన్ బోధిస్తూ, వెనిస్ పత్రాల నుంచి అల్బేనియా చరిత్రకు పనికొచ్చే ఆధారాలను 25 సంపుటాలుగా వెలికితీశారు. కార్ల్ గురాకుచి కూడా పాలెర్మోలోనే స్థిరపడ్డారు.

ఫిష్టా అప్పటికే పోయారు కదా, ఆయన్ను ఏం చేయగలరు అనుకుంటాం. పుస్తకాలు నిషేధించారు. బడిలో పేరెత్తనివ్వలేదు. ష్కోడర్‌లోని ఫ్రాన్సిస్కన్ చర్చిలో ఉన్న సమాధిని తవ్వి, ఎముకలను ద్రిన్ నదిలో పారేశారని ఆ ఊళ్లో చెబుతారు. 1991 జనవరిలో తొలిసారి బహిరంగంగా ఆయన వర్ధంతి జరిగింది. నాలుగున్నర దశాబ్దాల నిషేధం తర్వాత కూడా ఆ కావ్యాన్ని కంఠతా చెప్పగలిగిన ముసలివాళ్లు ఊళ్లో ఉన్నారు. ఇంట్లో తలుపులేసుకుని మనవలకు నేర్పినవాళ్లు వాళ్లే అయ్యుంటారు.

మరి జువానీ, చాబెయ్?

వాళ్లు ఉండిపోయారు. జువానీకి కొత్త ప్రభుత్వంలో మర్యాద దక్కింది. ఎల్బాసన్ విశ్వవిద్యాలయం ఈనాడు ఆయన పేరుతోనే ఉంది. చాబెయ్ కథ ఇంకా ముఖ్యం. వియన్నాలో ఆయనకు యోకల్ గురువు. గురువు పని ఆగిపోయిన చోట శిష్యుడు అందుకుని, అల్బేనియన్ మాటల పుట్టుక మీద జీవితాంతం పనిచేశారు. 1555 నాటి తొలి అల్బేనియన్ పుస్తకానికి 1968లో పరిష్కృత ప్రతి తెచ్చారు. ఆ పుస్తకాన్నే పదేళ్ల ముందు, 1958లో, ప్రవాసంలో ఉన్న రెసూలి వాటికన్ నుంచి వేశారు. ఒకే తరం పండితులు, ఒకే పుస్తకం, మధ్యలో ఏడ్రియాటిక్ సముద్రం. ఒకరి పని మీద ఇంకొకరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే వీలు లేకపోయింది.

కొలిచి ప్రవాసంలో ఏం చేశారు?

తిరానాలో పోయినదాన్ని రోమ్‌లో మళ్లీ కట్టారు. రోమ్ విశ్వవిద్యాలయంలో అల్బేనియా అధ్యయన సంస్థకు సారథ్యం వహించారు. 1957లో షేజత్ అనే పత్రిక పెట్టి 1970ల దాకా నడిపారు. ఇటలీలో అయిదు వందల ఏళ్లుగా ఉంటున్న అర్బరెష్ అల్బేనియన్లు, చెల్లాచెదురైన ప్రవాసులు అందులో రాశారు. 1975 జనవరి 15న రోమ్‌లో చనిపోయారు. అప్పటికి అల్బేనియాలో ఆయన కథలు చదివితే జైలే.

ఇప్పటి అకాడమీ దీని వారసుడేనా?

కాగితాల మీద కాదు. కొత్త ప్రభుత్వం తన సొంత సంస్థను మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంది. 1957లో తిరానా విశ్వవిద్యాలయం, 1972లో అకాడమీ వచ్చాయి. అదే 1972లో, అల్బేనియన్ మాటలను ఎలా రాయాలో తేల్చే అక్షరక్రమ మహాసభ జరిగింది. దక్షిణాది మాండలికం పునాదిగా ప్రామాణిక భాష ఖరారైంది. ఫిష్టా, కొలిచి రాసిన ఉత్తరాది గెగ్ భాష పాఠ్యపుస్తకాల నుంచి జారిపోయింది. మనుషుల పరంగా చూస్తే మాత్రం వారసత్వం ఉంది. కొత్త సంస్థలో కూర్చున్న చాబెయ్‌లూ జువానీలూ పాతవాళ్లే.

కొసావో రాజధాని ప్రిష్టినాలో ఉన్న అల్బేనియా విద్యా సంస్థ ఇదేనా?

కాదు. అది 1953లో పెట్టింది. రెండేళ్లకే మూసేశారు, 1967లో మళ్లీ తెరిచారు. 1994లో సెర్బియా పోలీసులు అక్కడి పరిశోధకులను కొట్టి బయటికి గెంటేశారు. దానికీ ఒక యుద్ధకాలం ఉంది, కానీ ఆ కథ వేరు.

ఆ కాలపు పుస్తకం చేతికొస్తే ఏం చూసి చదవాలి?

ముందు ముద్రణ సంవత్సరం చూడండి. 1939 నుంచి 1943 దాకా వచ్చినవాటిలో ముందుమాటను లోపలి పుస్తకం నుంచి వేరుచేసి చదవాలి. ముందుమాటలో రోమ్‌కు దండాలుంటాయి, లోపల పదేళ్ల కిందట సేకరించిన పాట ఉంటుంది. సరిహద్దుల గురించి, జాతుల పుట్టుక గురించి చేసే వాదనలను అనుమానంగా చూడండి. పాటలు, మాటలు, కట్టుబాట్లు, పత్రాల నకళ్లు చాలావరకు నమ్మదగినవే.

1945 తర్వాత తిరానాలో వచ్చినవైతే సమస్య తిరగబడుతుంది. అక్కడ వెతకాల్సింది లేని పేర్ల కోసం. వీరగాథల సంకలనంలో పలాయ్, కుర్తిల పేర్లు ఉన్నాయో లేవో చూడండి. 1941 సంకలనంలో ఉండి తర్వాతి సాహిత్య చరిత్రల్లో మాయమైన రచయితల జాబితా రాసుకోండి. అందులో ఎక్కువమంది ష్కోడర్ కాథలిక్కులు, ఎక్కువమంది గెగ్ మాండలికంలో రాసినవాళ్లు. 1991 తర్వాతి పునర్ముద్రణల్లో వాళ్లు తిరిగొచ్చారు కానీ కొన్నిచోట్ల భాషను ఇప్పటి ప్రామాణికానికి మార్చేశారు. కొలిచి కథ ఆయన రాసిన గెగ్‌లోనే కావాలంటే పాత ప్రతి పట్టుకోవడమే మేలు.